పేరు ఎక్కడ రాస్తారు?

చట్టం గురించి ఒక గంట మాట్లాడి వెళ్లండి అన్నారు. నేను మా హైదరాబాదులో ఒక పరిశోధనా సంస్థలోని అంతర్గత కమిటీకి బయటి సభ్యురాలిని. పనిస్థలాల్లో లైంగిక వేధింపుల మీద 2013లో వచ్చిన చట్టం ప్రకారం ప్రతి కమిటీలోనూ స్త్రీల కోసం పనిచేసే సంఘాల నుంచి ఒకరుండాలి కదా, అలా. మనలో చాలామందిమి ఇలాంటి కమిటీల్లో ఉన్నాం. ఏడాదికి ఒకటి రెండుసార్లు పిలుస్తారు, టీ ఇస్తారు, రిజిస్టరులో సంతకం పెట్టించుకుంటారు. ఈసారి పిలుపు వేరు. కంప్యూటేషనల్ బయాలజీలో కొత్తగా పరిశోధన మొదలుపెట్టిన వాళ్లకోసం రెండు రోజుల సదస్సు జరుగుతోంది, మొదటి రోజు భోజనాల తర్వాత ఒక గంట మీకు కేటాయించాం అన్నారు. (భోజనాల తర్వాత గంట అంటే కునికిపాట్ల వేళ. చట్టానికి ఎప్పుడూ ఆ వేళే దొరుకుతుంది.)

గంట మాట్లాడి రావాల్సినదాన్ని రెండు రోజులూ అక్కడే ఉండిపోయాను. ఎందుకు ఉండిపోయానో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

ముందు ఈ శాస్త్రం ఏమిటో నాకు అర్థమైనంత వరకు చెప్తాను. డీఎన్ఏని నాలుగు అక్షరాల లిపిలా చదవొచ్చు. ఎ, సి, జి, టి. మనిషి జీనోములో ఈ అక్షరాలు సుమారు 300 కోట్లు. కోవిడ్ వైరస్‌లో ఆ నాలుగక్షరాల రాతే ఇంకో రూపంలో 30 వేల లోపు ఉంటుంది. ఇంత రాతను కంటితో చదివి, ఒకదానితో ఒకటి పోల్చి చూడటం ఎవరి వల్లా కాదు కాబట్టి కంప్యూటరు చేత చదివిస్తారు. ఏ అక్షరం మారితే ఏ జబ్బు వస్తుంది? ఒక వరి రకం తెగులును ఎందుకు తట్టుకుంటుంది, పక్క రకం ఎందుకు పడిపోతుంది? ప్రొటీన్ గొలుసు ఏ ఆకారంలో ముడుచుకుంటుంది? ఇవీ వాళ్ల ప్రశ్నలు. కోవిడ్ రోజుల్లో వైరస్ కొత్త రకం వచ్చిందని పదేపదే విన్నామే, ఆ తేడాలు పట్టుకున్నది ఈ శాస్త్రమే. అంటే ఇది మనకు సంబంధం లేని విషయమేమీ కాదు.

సదస్సు ప్రారంభించిన పెద్దమనిషి మంచివాడే. ఆడపిల్లలు ఇంతమంది వచ్చినందుకు మనస్ఫూర్తిగా సంతోషించాడు. నిజమే, హాల్లో సగానికి తక్కువ లేరు. ఆ సంతోషంలోనే ఒక మాటన్నాడు. ఇది ఆడవాళ్లకు బాగా అనువైన శాస్త్రమట. ఎందుకంటే రాత్రి పదింటిదాకా ప్రయోగశాలలో నిలబడక్కర్లేదు, ఒక కంప్యూటరుంటే చాలు, ఇంట్లో కూర్చుని కూడా చేసుకోవచ్చు!

ఇంట్లో కూర్చుని చేసుకోవచ్చు. ఈ మాట మనం ఎక్కడెక్కడ విన్నాం? నిజామాబాదులో బీడీలు చుట్టే వాళ్ల గురించి విన్నాం. నరసాపురం లేసు పని గురించి విన్నాం. మరియా మీస్ 1982లో అచ్చయిన తన పుస్తకంలో నరసాపురం స్త్రీల గురించి చెప్పింది ఇదే కదా. రోజుకు గంటల తరబడి చేసే పని కూడా, చేసేది గృహిణి గనక, తీరిక వేళ కాలక్షేపమైపోయింది. లేసు విదేశాలకు వెళ్లింది, అల్లిన చెయ్యి లెక్కలోకి రాలేదు. జీనోములకూ లేసుకూ పోలికేమిటి అని మీరు అడగొచ్చు. నేనూ అప్పుడు అలాగే అనుకుని ఊరుకున్నాను. సాయంత్రానికి నా అభిప్రాయం మారింది.

నా గంట సంగతి. చెప్పాల్సింది చెప్పాను. ఫిర్యాదు అంటే ఏమిటి, కమిటీ ఏం చెయ్యాలి, గడువు మూడు నెలలు, తగిన కారణముంటే కమిటీ మరో మూడు నెలలు పొడిగించవచ్చు. చివర్లో వెనక వరసలోంచి ఒకమ్మాయి లేచింది. “మేడమ్, ఈ రెండు రోజుల్లో ఇక్కడే ఏమన్నా జరిగితే ఎవరికి చెప్పాలి? నాది ఒక యూనివర్సిటీ, ఆయనది వేరే రాష్ట్రంలో ఇన్‌స్టిట్యూట్, ఈ హాలు మూడోవాళ్లది.”

ఇన్నేళ్లుగా చట్టం గురించి మాట్లాడుతున్నాను, ఇంత సూటిగా ఎవరూ అడగలేదు. చెప్పాను. ఉద్యోగరీత్యా వెళ్లిన ఏ చోటైనా పనిస్థలమే అని చట్టం అంటుంది, యజమాని ఏర్పాటు చేసిన వాహనం కూడా. విద్యార్థినులకు 2015లో యూజీసీ తెచ్చిన నియమాలున్నాయి. అవతలివాడి సంస్థ కమిటీ దగ్గరికే పోవాలా అన్న చిక్కు చాలాకాలం ఉండేది. బాధిత స్త్రీ పనిచేసే చోటి కమిటీ కూడా వేరే చోట ఉద్యోగం చేసే వ్యక్తి మీద ఫిర్యాదును విచారించవచ్చని 2025 డిసెంబరులో సుప్రీంకోర్టు చెప్పింది. అమ్మాయి అంతా రాసుకుంది. తర్వాత నెమ్మదిగా అంది: “రేపు నా థీసిస్ ఆయన దగ్గరికే పరీక్షకు వెళ్లొచ్చు కదా మేడమ్.”

దీనికి నా దగ్గర సెక్షను లేదు. ఈ శాస్త్రం చిన్న ఊరులాంటిది. ఒక అంశం మీద పనిచేసేవాళ్లు దేశం మొత్తం మీద ఏ పాతికమందో ఉంటారు. థీసిస్ దిద్దేదీ, ఉద్యోగం ఇంటర్వ్యూలో కూర్చునేదీ, పత్రికకు పంపిన వ్యాసాన్ని తిప్పికొట్టేదీ వాళ్లే. ఊళ్లో పెద్దమనుషుల మీద ఫిర్యాదు చెయ్యడం ఎలాంటిదో మనకు తెలుసు. ఒక్కటి మాత్రం అడిగాను నిర్వాహకుల్ని. మీ కార్యక్రమ పత్రంలో భోజనం ఎక్కడో ఉంది, వైఫై సంకేతపదం కూడా ఉంది, ఫిర్యాదు ఎవరికి చెయ్యాలో ఆ మనిషి పేరూ ఫోన్ నంబరూ ఎందుకు లేవు? చట్టం గురించి ఉపన్యాసం పెట్టాం కదండీ అన్నారు.

సాయంత్రం పోస్టర్లు పెట్టారు. అది తెలియనివాళ్లకు చెప్తాను. కొత్త పరిశోధకులు తమ పనిని పెద్ద కాగితం మీద అచ్చువేయించి, బోర్డుకు తగిలించి, పక్కన నిలబడతారు. పెద్దవాళ్లు టీకప్పులతో తిరుగుతూ ఆగి ప్రశ్నలడుగుతారు. పెళ్లిచూపుల్లా ఉందని ఒకమ్మాయి నవ్వింది గానీ, నాకు సంతలాగే అనిపించింది. అయితే ఈ సంత చాలా విలువైంది. ఎవరు ఏం చేశారో నలుగురికీ తెలిసేది ఇక్కడే. తర్వాతి ఉద్యోగం, విదేశంలో అవకాశం, కలిసి పనిచేద్దామన్న మాట, అన్నీ ఈ టీకప్పుల మధ్యనే మొదలవుతాయి. పనికి మనిషి పేరు అతుక్కునేది ఇక్కడ.

ఒక పోస్టరు దగ్గర ఓ కుర్రవాడు చాలా చక్కగా, నాలాంటిదానికి కూడా అర్థమయ్యేలా చెప్తున్నాడు. పైన నాలుగు పేర్లున్నాయి. ఆ నాలుగూ మగవాళ్ల పేర్లే. అట్టడుగున, చిన్న అక్షరాల్లో కృతజ్ఞతలు. నిధులిచ్చిన ప్రభుత్వ విభాగానికి, కంప్యూటర్ సౌకర్యం కల్పించిన వారికి, ఆ తర్వాత ప్రోగ్రాం రాయడంలో సహకరించిన ఒకావిడకు. ఆవిడ ఎవరు బాబూ అనడిగాను. “మా ల్యాబులో ప్రాజెక్టు అసిస్టెంటు మేడమ్. ప్రోగ్రాం మొత్తం ఆవిడే రాసింది. చాలా తెలివైంది.” మరి రాలేదే? “పాప చిన్నది మేడమ్.” మరి పేరు పైన లేదే? అతను పోస్టరు వైపు తిరిగి, అప్పుడే మొదటిసారి చూస్తున్నట్టు చూశాడు. “ఆవిడ స్టూడెంటు కాదు కదా” అన్నాడు. దురుసుగా కాదు, అది సహజమన్నట్టు.

ఇంటికొచ్చాక నాకు తెలిసినవాళ్లను అడిగి, చదివి, తెలుసుకున్నదేమంటే ఈ సహజానికి యాభై ఏళ్లు దాటాయి. 2019లో జెనెటిక్స్ అనే పత్రికలో ఒక అధ్యయనం వచ్చింది. 1970 నుంచి 1990 దాకా, జనాభా జన్యుశాస్త్ర సిద్ధాంతానికి పేరున్న ఒక పత్రికలోని వ్యాసాలన్నీ తీసి, రచయితల పేర్లు కాకుండా, అడుగున ప్రోగ్రాములు రాసినందుకు కృతజ్ఞతలు పొందినవాళ్ల పేర్లు ఏరారు. రచయితల్లో స్త్రీలు ఏడు శాతానికి కాస్త ఎక్కువ. కృతజ్ఞతలు పొందిన ప్రోగ్రామర్లలో నలభైమూడు శాతం. ఈ రెండంకెలు పక్కపక్కన పెట్టి చూడండి! 1975లో వాటర్సన్ అనే శాస్త్రవేత్త రాసిన వ్యాసం ఇప్పటికీ ఈ రంగంలో అందరూ వాడేది. అందులో లెక్కలు చేసి పెట్టినందుకు కృతజ్ఞత పొందినామె మార్గరెట్ వూ. సూత్రానికి ఆయన పేరుంది, ఆమె పేరు అడుగున ఉండిపోయింది. ఇంకో సంగతి కూడా ఆ అధ్యయనం గమనించింది. కాలక్రమంలో ఈ కృతజ్ఞతలే తగ్గిపోయాయి. ప్రోగ్రాములు రాయడం మగవాళ్ల విద్యగా మారింది. ఆ పని చేసేవాళ్లే రచయితలవడం మొదలైంది. అంటే పని అదే, చేసేవాళ్లు మారాక దాని స్థానం పైకొచ్చింది.

స్త్రీలు ఈ శాస్త్రంలో లేరని కాదు నేననేది. దీన్ని నిలబెట్టిన వాళ్లలో మొదటి పేరే ఒక స్త్రీది. మార్గరెట్ డేహాఫ్ అనే అమెరికన్ శాస్త్రవేత్త 1965లో, అప్పటికి తెలిసిన అరవైఐదు ప్రొటీన్ల వరుసలను తన సహచరులతో కలిసి ఒక పుస్తకంగా కూర్చింది. ఇప్పుడున్న జీవశాస్త్ర సమాచార నిధులన్నిటికీ అది అమ్మమ్మ. ప్రొటీన్లలోని ఒక్కో అణువుకు ఒక్కో అక్షరం చొప్పున గుర్తు పెట్టే పద్ధతి ఆమెదే, ఆ హాల్లో ప్రతి పోస్టరు మీదా అది కనిపించింది. మన ఉస్మానియాలో చదివిన మంజు బన్సల్ బెంగళూరులో జి.ఎన్. రామచంద్రన్ దగ్గర పరిశోధన చేసి ఈ రంగంలో పెద్దపేరు తెచ్చుకుంది. 2024లో ప్రొటీన్ల ఆకారాలను కంప్యూటరుతో కనిపెట్టినందుకూ రూపొందించినందుకూ రసాయనశాస్త్రంలో నోబెల్ ఇచ్చారు, ముగ్గురు మగవాళ్లకు. వాళ్ల ప్రతిభను కాదనను. అయితే వాళ్ల కంప్యూటరు నేర్చుకున్నది 1971లో మొదలైన ప్రొటీన్ డేటా బ్యాంకు నుంచి. దాన్ని మొదలుపెట్టిన వాళ్లలో ఒకరై, ఏళ్ల తరబడి నడిపింది హెలెన్ బెర్మన్. ధాన్యం పోసి పెట్టిన గాదె గురించి ఎవరూ మాట్లాడరు, వండిన వాణ్ని సత్కరిస్తారు. (వంటింట్లో మాత్రం ఇది తిరగబడుతుంది, అది వేరే చర్చ.)

మన దేశంలో విజ్ఞాన సదస్సుల వేదికల మీద స్త్రీలెందరో లెక్కపెట్టి బయటపెట్టడానికి 2020లో ఇద్దరు స్త్రీ శాస్త్రవేత్తలు బయాస్‌వాచ్ ఇండియా అని మొదలుపెట్టారు. వాళ్లు తీసిన లెక్క ప్రకారం మన విజ్ఞాన సంస్థల అధ్యాపకుల్లో స్త్రీలు దాదాపు ఆరుగురికి ఒకరు. హాల్లో సగం, ఉద్యోగాల్లో ఆరోవంతు. మధ్యలో ఎక్కడ రాలిపోతున్నారు? పెళ్లి, పిల్లలు అని చప్పున చెప్పేస్తాం. నేను ఆ రాత్రి ఆ కుర్రవాడినే అడిగి, ఆమె ఒప్పుకున్నాక నంబరు తీసుకుని ఫోన్ చేశాను.

ఆమె మహబూబ్‌నగర్ వైపు పుట్టింట్లో ఉంది. పాపకు అయిదో నెల. వెనక పాప ఏడుపు, ఎవరో జోకొట్టడం వినిపిస్తూనే ఉన్నాయి. పదినిమిషాల్లో చెప్పిన కథ ఇది. ఏటా పునరుద్ధరించే ఒప్పందం మీద మూడేళ్లు పనిచేసింది. ఏడో నెలలో ఉండగా గడువు ముగిసింది. ఈసారి పొడిగించలేదు. తీసేశారని ఎవరూ అనలేదు, ముగిసింది అన్నారు. ఆ తర్వాత కూడా మూడు నెలలు, కాన్పుకు వారం ముందుదాకా, ఇంటినుంచే ఆ ప్రోగ్రాంలో తప్పులు దిద్దుతూ ఉంది. జీతం లేకుండా. “నాకే తోచక చేశాను మేడమ్, వాళ్లు బలవంతపెట్టలేదు” అని రెండుసార్లు చెప్పింది. ఇంట్లో కూర్చుని చేసుకోవచ్చు!

చట్టం ఏమంటుందో ఆమెకు తెలియదు. మూడేళ్లు ఆమెతో పనిచేసిన ల్యాబులో పీహెచ్‌డీలున్న వాళ్లెవరికీ తెలిసినట్టు లేదు. కాన్పుకు ముందు పన్నెండు నెలల్లో 80 రోజులు పనిచేసిన స్త్రీకి, మొదటి రెండు కాన్పులకు 26 వారాల జీతంతో కూడిన సెలవు. 1961 నాటి చట్టానికి 2017లో చేసిన సవరణతో వచ్చింది ఇది, 2025 నవంబరులో అమల్లోకి వచ్చిన సామాజిక భద్రతా కోడ్‌లోనూ ఉంది. ఒప్పందం గడువు మధ్యలో ముగిసిపోయినా ఈ హక్కు పోదని 2023 ఆగస్టులో సుప్రీంకోర్టు ఒక కాంట్రాక్టు డాక్టరు కేసులో చెప్పింది. పీహెచ్‌డీ విద్యార్థినులకైతే 2022 యూజీసీ నియమాల్లో 240 రోజుల దాకా సెలవుంది. ఇవన్నీ చెప్తుంటే ఆమె నిశ్శబ్దంగా వింది. డబ్బు గురించి ఏమీ అనలేదు. “పేరు వేస్తారంటారా మేడమ్?” అంది.

నేను డబ్బు గురించి మాట్లాడుతున్నాను, ఆమె పేరు గురించి అడిగింది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. స్త్రీల శ్రమ గురించి ఇన్నేళ్లు మాట్లాడి, కూలి దగ్గరే ఆగిపోయానేమో అనిపించింది.

రెండోరోజు ఉపాహారం దగ్గర తిరుపతి నుంచి రైల్లో వచ్చిన అమ్మాయి పక్కన కూర్చున్నాను. సదస్సు రుసుము, టికెట్టు, గది అద్దె ముందు తానే పెట్టుకుని, రసీదులు పంపితే తర్వాత తిరిగిస్తారట. ఫెలోషిప్పేమో నాలుగు నెలలుగా రాలేదు. హాస్టల్లో ఇద్దరి దగ్గర చేబదులు తీసుకుని వచ్చింది. మగపిల్లలకూ ఇదే నియమం కదా అని నిర్వాహకులన్నారు, నేనడిగితే. నియమం ఒకటే. కానీ మగపిల్లలు నలుగురు ఒక గదిలో సర్దుకున్నారు, ఇద్దరు స్టేషన్లో రాత్రి గడిపి తెల్లారి వచ్చారు. ఈ అమ్మాయి ఇంట్లో “ఎక్కడుంటావు, ఎవరితో ఉంటావు” అన్నదానికి సమాధానంగా మంచి హోటలు చూపించాల్సొచ్చింది. భద్రతకు ఖర్చవుతుంది, ఆ ఖర్చు ఆడపిల్ల తలమీద పడుతుంది. నాతో మాట్లాడిన మరో ఇద్దరు, అప్పు పుట్టక తమ ల్యాబుల్లో ఆగిపోయిన స్నేహితురాళ్ల గురించి చెప్పారు. ఆగిపోయినవాళ్లు ఏ లెక్కలోనూ రారు. సదస్సుకు వచ్చినవాళ్లలో సగం ఆడవాళ్లని సంతోషిస్తాం.

పిల్లల సంగతి అడిగితే, ఈ వయసువాళ్లకు పిల్లలేమిటండీ అని నవ్వారు. పీహెచ్‌డీ, ఆ తర్వాత రెండు మూడేళ్లు అంటే ఇరవైఐదు నుంచి ముప్పైఐదు. మన దేశంలో పిల్లలు పుట్టేది సరిగ్గా అప్పుడే! యూరపులో ఎంబో అనే జీవశాస్త్ర సంస్థ తన సదస్సులకు వచ్చేవాళ్లకు పిల్లల సంరక్షణకోసం డబ్బిస్తుంది. ఇక్కడ అంత అక్కర్లేదు. తాళం వేసి ఉన్న ఒక గది తెరిచి, ఒక చాప, ఒక ఆయా, తోడు వచ్చే అమ్మకో అత్తకో ఒక భోజనం కూపను. అంతే. ముప్పై రకాల వంటకాలు పెట్టిన సదస్సుకు ఇది భారం కాదు.

మధ్యాహ్నం ఆ కుర్రవాడు తనంతట తనే నా దగ్గరికి వచ్చాడు. రాత్రంతా ఆలోచించాడట. వైద్య పత్రికల సంపాదకుల అంతర్జాతీయ సంఘం నియమాలు చదివానన్నాడు. పనిలో గణనీయమైన పాలు ఉన్న ప్రతివాళ్లకూ వ్యాసం రాయడంలో, సరిచూడటంలో పాల్గొనే అవకాశం ఇవ్వాలని అందులో ఉందట. అవకాశం ఇవ్వకుండా, రాయలేదు కాబట్టి రచయిత కాదు అనకూడదన్నమాట. “వ్యాసం ఇంకా పత్రికకు పంపలేదు మేడమ్. మా సార్‌తో మాట్లాడతాను. కానీ నాక్కూడా ఆయన సంతకమే కావాలి” అన్నాడు. ఆ భయం నాకు అర్థమైంది. ముందురోజు వెనక వరసలో లేచిన అమ్మాయిదీ ఇదే భయం.

నేను కమిటీ సభ్యురాలిని, లైంగిక వేధింపులు తప్ప వేరే విషయం నా పరిధి కాదని ఆ సంస్థవాళ్లు గుర్తుచేశారు, మర్యాదగానే. నిజమే కాబోలు. అయినా సదస్సు నిర్వాహకులకు ఒక ఉత్తరం రాసిచ్చి వచ్చాను. వచ్చే ఏడాది పిలుపులోనే ఫిర్యాదుకు బాధ్యురాలి పేరూ నంబరూ అచ్చువేయాలి, ప్రయాణపు డబ్బు ముందే ఇవ్వాలి, పిల్లలకు గది ఉండాలి, ప్రతి పోస్టరు మీద ఎవరు ఏ పని చేశారో, ప్రోగ్రాం ఎవరు రాశారో సహా, పేరుపేరునా రాయాలి అని. మనలో ఎవరు ఏ సంస్థ కమిటీలో ఉన్నా, అక్కడ సదస్సు జరుగుతోందంటే ఉపన్యాసానికి ఒప్పుకునే ముందు ఈ నాలుగూ అడగొచ్చు. పరిధి కాదంటే కాదననివ్వండి.

నెల దాటింది. ఉత్తరానికి జవాబు రాలేదు. ఆమెతో కలిసి కూర్చుని 26 వారాల జీతం కోసం దరఖాస్తు రాశాం, పాపకు జ్వరమని పంపడం వారం ఆలస్యమైంది. కుర్రవాడు మొన్న ఫోన్ చేశాడు. ప్రోగ్రాంలో ఒకచోట తప్పొస్తోందట, అది ఆవిడకే తెలుస్తుంది, అడగమని వాళ్ల సార్ అన్నారట. ఆమెకు చెప్పాను. “దిద్దుతాను. ముందు పేరు ఎక్కడ రాస్తారో రాసి పంపమనండి” అంది.